ఇర్ఖున్నసా: ఒక వ్యాధి నిర్ధారణ చరిత్ర

నడుము దిగువ నుండి పిరుదు, తొడ వెనుక భాగాల మీదుగా పాదం వరకు పాకే నొప్పికి అరబ్బులు పెట్టిన పేరు ‘ఇర్ఖున్నసా’. యునానీ వైద్యంలో నేటికీ ఈ పేరే వాడుకలో ఉన్నది. ‘ఇర్ఖ్’ అంటే రక్తనాళం. తెలుగులో కూడా ‘నరం’ అనే మాటను రక్తనాళానికీ, నాడికీ వాడుతారు. పేరు నాళాన్ని సూచించినా, వ్యాధి లక్షణాల పరిశీలన నిశితంగానే సాగింది.

ఇబ్నె సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’ మూడవ గ్రంథంలో తుంటినొప్పిని, ఇర్ఖున్నసాను వేరుచేసి చూపారు. మొదటిది తుంటిలోనే నిలిచి ఉంటుంది. రెండవది తొడ వెనుకగా మోకాలికి, చీలమండకు, ఒక్కొక్కప్పుడు కాలివేళ్ళకు దిగుతుంది. కాలు చిక్కిపోవటమూ కద్దు. నొప్పి ఎంత ఉన్నదని కాక, ఎటు పోతున్నదని అడగటమే ఈ నిర్ధారణకు మూలం. కారణాన్ని మాత్రం ఆయన గ్రీకుల దోషసిద్ధాంతం ప్రకారమే వివరించారు.

ఈ వ్యాధికి గొర్రె తోక కొవ్వును సూచించే హదీసు ఇబ్నె మాజా సంకలనంలో ఉన్నది. ఆ ఉపదేశం హిజాజ్ వాసులను, విశేషించి ఎడారి అరబ్బులను ఉద్దేశించినదని ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ, మరణం 1350) వివరించారు. రోగి ఎవరు, ఏ ప్రాంతంవాడు, బాధకు కారణమేమి అని విచారించకుండా ఒకే చికిత్సను అందరికీ వర్తింపజేయరాదన్న వివేకం ఈ వివరణలో ఉన్నది.

ఈ బాధ నాడికి సంబంధించినదని 1764లో నేపుల్స్ వైద్యుడు కోటున్యో ప్రత్యేక గ్రంథంలో ప్రతిపాదించాడు. రోగిని వెల్లకిల పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలెత్తి చూసే పరీక్షను 1881లో పారిస్‌లో లసేగ్ శిష్యుడు ఫోర్స్ట్ వర్ణించాడు. వెన్నుపూసల మధ్య డిస్కు చిట్లి నాడి వేరును నొక్కగలదని 1934లో అమెరికాలో మిక్స్టర్, బార్ నిరూపించారు.

అంతా ముస్లిములే కనుగొన్నారనటం చరిత్రకు అన్యాయం. వారి పరిశీలనను విస్మరించటమూ అన్యాయమే. స్కానింగు యంత్రాలు వచ్చిన ఈ కాలంలోనూ నిర్ధారణ నొప్పి నడిచే దారిని అడగటంతోనే మొదలవుతుంది. తరువాత వైద్యుడు కాలి బలాన్ని, స్పర్శను పరీక్షిస్తాడు. మూత్రంపై అదుపు తప్పినా, మర్మస్థానం చుట్టూ తిమ్మిరెక్కినా, కాలు పడిపోతున్నా గృహచికిత్సలతో కాలయాపన చేయరాదు. తక్షణం ఆస్పత్రికి చేరాలి.