ఝరాసంగం పల్లెల్లో వాక్యపఠనం: రెండు వందల ఏళ్ళ సింహావలోకనం

ఝరాసంగం పేరు చెప్పగానే ఎవరికైనా కేతకీ సంగమేశ్వరుడి గుడి, శివరాత్రి జాతర గుర్తొస్తాయి. అదే మండలంలోనూ, జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలోనూ వాడ చివరన చిన్న చిన్న ప్రార్థన మందిరాలు కూడా కనిపిస్తాయి. ఆదివారం ఆరాధన అందరికీ వినిపించేదే. రాత్రి అన్నాలు తిన్నాక ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చుని చదువుకునే అధ్యాయం మాత్రం బయటివాళ్ళ కంట పడదు. చరిత్ర రాసేవాళ్ళు మిషనరీల పేర్లు, కట్టడాల కొలతలు, బాప్తిస్మాల లెక్కలు రాసుకున్నారు. ఈ నేల మీద విశ్వాసాన్ని నిలబెట్టింది ఆ చాప మీది చదువేనని నా గట్టి నమ్మకం. అది ఇక్కడిదాకా ఎలా వచ్చిందో ఒకసారి వెనక్కి తిరిగి చూద్దాం.

తెలుగులో లేఖనాల కథ సముద్రతీరంలో మొదలైంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ విశాఖపట్నం చేరారు. ఆనందరాయర్ అనే తెలుగు పండితుడు తోడుగా సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డే గ్రాంజ్ 1810లో కన్నుమూశారు. వాళ్ళ చేతిరాతలోని మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అంతకు ఎనభై ఏళ్ళ ముందే బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు బైబిలు సిద్ధం చేసినా అది అచ్చుకు నోచుకోలేదు. సంపూర్ణ గ్రంథం తెలుగువాళ్ళ చేతికి వచ్చేసరికి 1854 అయింది. ఆ యాభై ఏళ్ళలో ఎంతమంది పండితులు ఎన్ని రాత్రులు దీపం ముందు కూర్చున్నారో మనకు పేర్లు కూడా దక్కలేదు.

అయితే ఆ పుస్తకం వచ్చిన తోవలో ఝరాసంగం లేదు. ఈ ప్రాంతం నిజాం ఏలుబడిలోది. జహీరాబాద్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనతోనే మెదక్ జిల్లాలోకి వచ్చింది. కచేరీలో ఉర్దూ, పడమటి ఊళ్ళలో కన్నడం, సంతలో మరాఠీ, ఇంట్లో తెలుగు. హైదరాబాద్ సంస్థానంలో 1901 నాటికి చదవడం, రాయడం వచ్చినవాళ్ళు నూటికి ముగ్గురికి అటూ ఇటూ. మాల, మాదిగ వాడల్లో అక్షరం దాదాపు లేదనే చెప్పాలి. విలియం బర్జెస్ నాయకత్వాన వెస్లియన్ మిషన్ సికింద్రాబాద్ చేరింది 1880 ప్రాంతంలో. ఆ శతాబ్దం చివర్లో చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదక్‌లో కాలు పెట్టాడు. బీదర్, వికారాబాద్ వైపు అమెరికన్ మెథడిస్టులు పనిచేశారు. జహీరాబాద్ పల్లెల్లోకి సువార్త ఎక్కువగా ఈ మెథడిస్టు తోవనే వచ్చింది.

మరి అక్షరం రాని మనిషికి వాక్యపఠనం అంటే ఏమిటి? వినడమే. ఊరి ఉపదేశి పొద్దు గూకాక, కూలిపని నుంచి జనం తిరిగొచ్చాక, వాడ నడుమ దీపం పెట్టుకుని ఒక మాట చెప్పేవాడు. అందరూ ఆ మాటను తిరిగి పలికేవాళ్ళు. మళ్ళీ చెప్పేవాడు, మళ్ళీ పలికేవాళ్ళు. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం ఇలా నోటికి వచ్చాకే బాప్తిస్మం. ఆడవాళ్ళ దగ్గరికి బైబిలు స్త్రీలు వెళ్ళేవాళ్ళు. వడ్లు దంచే చోట, పిల్లకు పాలిచ్చే చోట కూర్చుని కథ చెప్పేవాళ్ళు. తెలంగాణ క్రైస్తవ చరిత్రలో వాళ్ళకు దక్కాల్సిన పేజీలు ఇంకా దక్కలేదు.

పాట ఇంకా లోతుగా నాటుకుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైన కవుల కీర్తనలు మిషన్ల సరిహద్దులు దాటి మెట్ట ఊళ్ళకు చేరాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం పేర్లు ఉంటాయి. రాగం పేరు తెలియని కూలి తల్లి కూడా ఆ పాటను నాటు వేస్తూ, కలుపు తీస్తూ పాడుకుంది. పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ డయోసిస్ పల్లెలను పరిశీలించి 1968లో ప్రచురించిన పుస్తకంలో కీర్తనలకు ఇచ్చిన చోటు చూస్తే సంగతి తెలుస్తుంది. పల్లె విశ్వాసికి దైవశాస్త్రం అందింది పాటలోనే. మెదక్ కెథడ్రల్ కిటికీలనూ ఈ కోణంలోనే చూడాలి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ గుడి 175 అడుగుల గోపురాన్ని అందరూ చెప్పుకుంటారు. నన్ను ఎక్కువగా కదిలించేది రంగుటద్దాల్లోని పుట్టుక, సిలువ, ఆరోహణం. పగటి వెలుగులోనే కనిపించే ఆ మూడు బొమ్మలు చదువురాని వాళ్ళకు తెరిచి పెట్టిన మూడు అధ్యాయాలు.

ఇక్కడి జనానికి లేఖనం పరాయిదిగా తోచలేదు. మత్తయి 13వ అధ్యాయంలోని విత్తువాడి కథ ఝరాసంగం రైతుకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. బాట పక్క గట్టినేల, రాళ్ళ ఎర్రచెలక, ముళ్ళ పొద, కాస్త నల్లరేగడి: ఆ నాలుగు నేలలూ ఒక్క ఊరి పొలిమేరలోనే ఉన్నాయి. జొన్న, సామ, కొర్ర విత్తనాలను బూడిద, వేపాకు కలిపి గంపల్లో ఏడాది పొడుగునా కాపాడే ఆడవాళ్ళ ఊళ్ళివి. ఇదే మండలంలోని మాచ్‌నూర్‌లో 2008లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో మొదలైంది. అది క్రైస్తవ సంస్థ కాదు. చదువురానివాళ్ళుగా లెక్కకట్టిన తల్లుల దగ్గర ఎంత పాట, ఎంత జ్ఞాపకం ఉందో మాత్రం లోకానికి వినిపించింది. వందేళ్ళ కింద ఉపదేశి నమ్ముకున్నది కూడా ఆ జ్ఞాపకాన్నే.

అంత ఓపికగా నేర్పడం ఎందుకు అవసరమో తెలుగు సంఘాలు ముందే చూశాయి. 1878 జూలై 3న ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు చివరి రోజులవి. నీళ్ళలో దించడం ఒక్కరోజు పని, నేర్పడానికి తరం పడుతుంది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య దీన్ని అందరికన్నా బాగా గుర్తించాడని నా అభిప్రాయం. చదువు లేని విశ్వాసి తాను విన్నది పొరుగువాడికి చెప్పగలగాలని ఆయన పట్టుబట్టాడు.

ఇరవయ్యో శతాబ్దం నడుమ మలుపు వచ్చింది. మిషన్ బడి, హాస్టల్, సండే స్కూల్ నుంచి వచ్చిన పిల్లలు ఇంట్లో తల్లిదండ్రులకు చదివి వినిపించసాగారు. చాలా ఇళ్ళలో మొదటి తెలుగు పుస్తకం పరిశుద్ధ గ్రంథమే. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెదక్ అందులో కలిసింది, జహీరాబాద్ వైపు మెథడిస్టులు విడిగా ఉండిపోయారు. చదివే అలవాటుకు ఆ గీత అడ్డు రాలేదు. 1935లో అమెరికా మెథడిస్టులు మొదలుపెట్టిన ‘అప్పర్ రూమ్’ అనుదిన ధ్యానాలు తెలుగులోనూ వచ్చాయి. అలాంటిదే కౌమన్ అమ్మగారి అనుదిన ధ్యానాల పుస్తకం, ‘ఎడారిలో సెలయేర్లు’గా లెక్కలేనన్ని ఇళ్ళకు చేరింది.

ఈ కాలంలో ఇద్దరి ప్రభావం ప్రత్యేకం. 1938లో బైబిలు మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు చదివిన తర్వాత మౌనంగా దేవుని సన్నిధిలో కనిపెట్టడం నేర్పారు. పంజాబు నుంచి వచ్చిన భక్త్ సింగ్ 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో సువార్త చదువుతూ మారుమనసు పొందినవాడు. 1950 నుంచి హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా, మోకాళ్ళ మీద ఉండి గ్రంథమంతా వరుసగా చదవడం అలవాటు చేశాడు. సిద్ధాంతాల్లో తేడాలు ఎన్నున్నా మౌనం, వరుస చదువు రెండూ మనకు అవసరమే. 1920ల నుంచి ఏటా నవంబరులో సాగే ధారూర్ క్రైస్తవ జాతరకు ఇటు జనమూ తరలివెళతారు. అక్కడ దొరికే ఉత్సాహం గొప్పది. ఆ ఉత్సాహం ఊరికి తిరిగొచ్చాక డిసెంబరు దాటి నిలవాలంటే మళ్ళీ ఇంట్లో చాప పరవాల్సిందే.

ఇప్పుడు బైబిలు ఫోన్‌లోకి వచ్చింది. వినిపించే బైబిలూ ఉంది. చదవలేని ముసలివాళ్ళకు అది నిజంగా వరం. నా బాధ వేరే చోట ఉంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఇంటికో వాగ్దాన కార్డు తీసుకుంటాం. యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం ఆ కార్డుల్లో తప్పకుండా ఉంటుంది, మేలు కలుగుతుందన్న ఆశ గల మాట. దాని ముందు వచనంలో బబులోనులో డెబ్బై ఏళ్ళు గడవాలని ఉంది. ఇంకా పైన 5 నుంచి 7 దాకా, చెరపట్టి తీసుకెళ్ళిన ఆ పరాయి ఊళ్ళోనే ఇళ్ళు కట్టుకుని, తోటలు నాటుకుని, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించమని ఉంది. పని కోసం హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకున్న ఝరాసంగం కుర్రాడికి కార్డు మీది ఒక్క వచనం కన్నా, చెరలో ఉన్నవాళ్ళకు యిర్మీయా రాసిన ఈ ఉత్తరం మొత్తం ఎక్కువ బలమిస్తుంది. వచనాన్ని అధ్యాయం నుంచి తెంపితే ఓదార్పు మిగులుతుందేమో గానీ, విశ్వాసం ఎదగదు.

అందుకే ఇళ్ళలో ఉన్న అక్కలకు, అన్నలకు, పిల్లలకు నాదొక విన్నపం. ఈ ఏడాది మీకు వచ్చిన కార్డు తీయండి. ఈ రాత్రి ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం పైకి, అవ్వకు వినపడేలా చదవండి. చదవడం అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడకండి. ఆ తర్వాత ముందుగా అవ్వనే అడగండి, తనకు ఏం అర్థమైందో.