లారీ డ్రైవరుల పనిగంటలు



చరిత్ర యనఁగనే మనకు రాజులును, యుద్ధములును, తామ్రశాసనములును జ్ఞప్తికి వచ్చును. నేఁడు నేను చెప్పఁబోవునది లారీ ఆఫీసు బల్లసొరుగులో దుమ్ముపట్టి పడియుండెడి యొక అట్టపుస్తకపు చరిత్ర. డ్రైవరు ఏ వేళ బండి యెక్కెను, ఏ వేళ దిగెను, ఎంతసేపు విశ్రమించెను అని వ్రాయవలసిన పుస్తకమది. దానిని నేనును కొంతకాలము వ్రాసితిని. ఆ సంగతి తరువాత మనవిచేసెదను.

మన దేశమున 1914లో వచ్చిన మోటారు చట్టము లైసెన్సులను గూర్చి, రిజిస్ట్రేషనును గూర్చి పలికినదే కాని డ్రైవరు నిద్రను గూర్చి పలుకలేదు. ఇంగ్లండున 1930లో చేసిన చట్టము వరుసగా అయిదున్నర గంటలకు మించియు, రోజునకు పదునొకండు గంటలకు మించియు నడుపరాదని విధించెను. 1933లో మఱియొక చట్టము ఆ గంటలను పుస్తకమున వ్రాసి యుంచవలెననెను. మన దేశమునందును అవి రైళ్లకును లారీలకును పోటీ ముదిరిన దినములు. 1939 నాఁటి మోటారు వాహనముల చట్టము ఇక్కడ మొదటిసారిగా హద్దు గీచినది: అయిదు గంటలు నడిపినపిమ్మట అరగంట విశ్రాంతి, దినమునకు తొమ్మిది గంటలు, వారమునకు 54 గంటలు. ఇందొక విశేషము గమనింపుఁడు. ఆ నిషేధము యజమానిని ఉద్దేశించినది. తన క్రింద పనిచేయువానిని అంతకు మించి ఎవ్వరును నడిపింపరాదు, నడుపనీయరాదు అని దాని భావము.

1961లో మోటారు రవాణా కార్మికుల చట్టము వచ్చెను. దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు 48 గంటలు. దూరప్రయాణములకు మాత్రము పదియు, 54ను. కాని అది అయిదుగురు లేక అంతకుమించిన పనివారు గల సంస్థలకే వర్తించెను. ఒక్క లారీ గల యజమాని దాని చేతికి చిక్కఁడు. 1988 చట్టమే ఈ గంటలను రవాణాబండి నడుపు ప్రతివానికిని వర్తింపఁజేసినది.

ఇఁక చీరాలకు వచ్చెదను. 1970వ దశకమున నేనక్కడ ఒక లారీ ఆఫీసులో గుమాస్తాను. చేనేతబట్టల బేళ్లు, పొగాకు, మిరపకాయల బస్తాలు మదరాసునకు పోయెడివి. దూరము ఇంచుమించు 340 కిలోమీటర్లు. ఆ నాఁటి రోడ్డుమీఁద, ఆ లోడుతో, గంటకు 35 కిలోమీటర్లు నడచినచో మంచి నడక. అనఁగా ఒక్క పోకకే పది గంటలు. సాయంకాలము ఏడింటికి కదలిన బండి తెల్లవారునప్పటికి మదరాసు చేరవలెను. పగలెల్ల దింపుడు, ఎక్కింపు; మరల రాత్రికి తిరుగుప్రయాణము. బత్తా ట్రిప్పునకే కాని గంటకు గాదు. ఆలస్యమైనచో కోఁత. ఇట్టి లెక్కలో నిద్ర కెక్కడ చోటు? ఆ చోటును నేను కాగితముమీఁద కల్పించెడివాఁడను. “నెల్లూరున విశ్రాంతి, ఎనిమిది గంటలు” అని వ్రాసెడివాఁడను. వేటపాలెము డ్రైవరొకఁడు నవ్వుచు, “గుమాస్తాగారూ, ఏదో రాసేయండి, సంతకం పెడతాను” అనెడివాఁడు.

ఒకనాఁటి తెల్లవారుజామున, అతఁడు వరుసగా రెండవ రాత్రి నడుపుచుండఁగా, కావలికి సమీపమున బండి రోడ్డు దిగి చెట్టును గొట్టెను. క్లీనరు కుఱ్ఱవాఁడు కాలు పోఁగొట్టుకొనెను. కునుకు పట్టినదని డ్రైవరు నిజమే చెప్పెను. పుస్తకము మాత్రము అతఁడు సాయంకాలమే నెల్లూరు చేరి, ఎనిమిది గంటలు నిద్రించి లేచినట్లు పలికెను. యజమాని విశ్రాంతి నిచ్చెను, ఇతఁడే అజాగ్రత్తపడెను అని విచారణలో తేలెను. డ్రైవరు లైసెన్సు పోయెను. వ్రాఁత నాది, సంతకము అతనిది, లాభము మఱియొకరిది.

సరకు కాగితములమీఁద తడ చెక్‌పోస్టు ముద్ర యుండెను. రాత్రి పదునొకండు గంటల వేళ వేసినది. పుస్తకము ప్రకారము ఆ గంటకతఁడు నెల్లూరున నిద్రించుచున్నాఁడు! తిథివారములు కుదురకపోవుటను బట్టి కూటశాసనమును పట్టుకొనుట చరిత్రకారులకు తెలిసిన మార్గమే. ఇక్కడ ఆ రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టినవారు లేరు. పెట్టఁగలిగినవాఁడను నేను. పెట్టలేదు.

ఈ దోషము మన యొక్కరిదే కాదు. అమెరికాలో లారీవారు తమ దినచర్యపుస్తకమును బొమ్మలకథల పుస్తకమని తామే పరిహసించెడివారు. అక్కడ 2017 చివరనుండి చాలవఱకు యంత్రమే గంటలు వ్రాయుచున్నది. ఐరోపాలో టాకోగ్రాఫు అను యంత్రము వచ్చినప్పుడు ఆంగ్లేయ డ్రైవరులు దానిని బండిలోని వేగులవాఁడని నిందించిరి. ఆ యంత్రమునకు అయస్కాంతము తగిలించి, పరుగెత్తు బండిని నిలిచియున్నట్లు చూపించిన వారును గలరు.

చీరాలకు చట్టమును ధిక్కరించుట క్రొత్తకాదు. ప్రభుత్వము చీరాల-పేరాలలను మునిసిపాలిటీగాఁ జేసి పన్నులు పెంచఁగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు ఇండ్లు విడిచి రామనగరమున పదునొకండు నెలలు పాకలలో కాపురముండిరి. అది తగని ఆజ్ఞను పట్టపగలు, పేరు చెప్పి కాదనుట. నేను చేసినది తగిన చట్టమును కాగితముమీఁద ఔననుచు రాత్రివేళ కాదనుట.

2017లో జి.ఎస్.టి. రాకతో అమ్మకపుపన్ను చెక్‌పోస్టులు ఎత్తివేయఁబడినవి. 2021 నుండి ఫాస్టాగ్ తప్పనిసరి యగుటచే టోలుగేటు దాఁటిన ప్రతి నిమిషమును నమోదగుచున్నది. 2025 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఈ పనిగంటల నిబంధన అమలు కావలెనని ప్రభుత్వములను హెచ్చరించినది. రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టుట నేఁడు సులభమే. కాని బాడుగయు, బత్తాయు ట్రిప్పును బట్టియే యున్నంతకాలము, నిజము వ్రాసిన డ్రైవరునకు కూడు తగ్గుచునే యుండును. మదరాసు ట్రిప్పునకు రెండవ డ్రైవరు కూలియో, ఒక రాత్రి ఆలస్యమో సరకువారి లెక్కలో ముందే చేరవలెను. అది చేరనిచో, చట్టము కోరిన నిద్రను ఎవ్వఁడో ఒక గుమాస్తా కాగితముమీఁదనే నిద్రపుచ్చవలసి వచ్చును.

ఆ క్లీనరు కుఱ్ఱవాని గాయము మానినదో లేదో నేను పోయి చూడలేదు. ఇన్నేండ్ల పిమ్మట ఈ మాట మీతో చెప్పుటకు అదియే కారణము.