వంతెన పుట్టుకకు సాక్షి కెమెరా

మీరెప్పుడైనా రైల్లో రాజమండ్రి దగ్గర గోదావరి దాటారా? దాటే ఉంటే కిటికీ దగ్గరకు జరిగి నదిని చూసి ఉంటారు. పెద్దవాళ్లు చేతిలో పెట్టిన నాణెం నీళ్లలోకి విసిరి కూడా ఉంటారు. ఆ కొద్ది నిమిషాల్లో వంతెనలో మీకు కనిపించింది ఎంత? ఇనుప గడ్డర్లో, కాంక్రీటు కమానులో, నీటి పైకి లేచిన స్తంభాలో కనిపించి ఉంటాయి. ఆ స్తంభాలను మోస్తున్న పునాదులు మాత్రం నీటి కింద, ఇసుక కింద ఉన్నాయి. వంతెన పూర్తయ్యాక వాటిని మళ్లీ ఎవరూ చూడలేరు. కమానును పూర్తయ్యేదాకా పట్టి నిలిపిన తాళ్లు, తాత్కాలిక బురుజులు, పరంజాలు కూడా పని ముగియగానే మాయమవుతాయి. వాటిని కట్టినవాళ్లు మరో పని వెతుక్కుంటూ మరో ఊరికి వెళ్లిపోతారు.

అంటే పూర్తయిన వంతెన తన చరిత్రను తానే దాచేస్తుంది. ఆ చరిత్రను మనకు కొంతైనా దక్కించినది కెమెరా. అయితే కెమెరా అన్నీ చూసిందా? అది ఏం చూసింది, ఏం చూడలేకపోయింది అన్నదే ఈ వ్యాసంలో మన ప్రశ్న.

కీవ్ నగరంలో తొలి అడుగు

ఛాయాచిత్రకళ ప్రపంచానికి తెలిసింది 1839లో. ఆ తర్వాత పదేళ్లు గడిచేసరికి, నేటి ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ద్నీపర్ నదిపై ఒక గొలుసుల వేలాడే వంతెన కడుతున్నారు. కట్టిస్తున్నది రష్యా చక్రవర్తి మొదటి నికోలస్. కడుతున్నది బ్రిటిష్ ఇంజనీరు చార్లెస్ విగ్నోల్స్. చక్రవర్తి ఉండేది వెయ్యి కిలోమీటర్ల అవతల, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. ఇనుప భాగాలు తయారయ్యేది ఇంగ్లండులో. అవి ఓడల్లో నల్ల సముద్ర తీరానికి వచ్చి, అక్కడి నుంచి ఎడ్లబండ్ల మీద కీవ్ చేరాలి.

ఇప్పుడు విగ్నోల్స్ స్థానంలో మిమ్మల్ని మీరు ఊహించుకోండి. పని ఎంతవరకు వచ్చిందో దూరాన ఉన్న ప్రభువుకు ఎలా తెలపాలి? ఉత్తరం రాస్తే నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. బొమ్మ గీయిస్తే చిత్రకారుడు కట్టని భాగాన్ని కూడా కట్టినట్టు గీయగలడు. కెమెరా మాత్రం తన ఎదుట ఉన్నదాన్నే పట్టుకుంటుంది. అందుకే విగ్నోల్స్ జాన్ కుక్ బోర్న్ చేత వంతెన పని ఫోటోలు తీయించాడు. 1852లో రోజర్ ఫెంటన్ అనే మరో ఫోటోగ్రాఫరు కూడా కీవ్ వచ్చి వంతెనను చిత్రించాడు. కొన్నేళ్లకు క్రిమియా యుద్ధం ఫోటోలతో పేరు పొందిన ఫెంటన్ ఇతడే.

ఆ వంతెన 1853లో ప్రారంభమైంది. 1920లో, యుద్ధ కాలంలో, వెనుదిరుగుతున్న సేనలు దాన్ని పేల్చివేశాయి. కట్టిన వంతెన పోయింది. అది లేస్తుండగా తీసిన కాగితపు చిత్రాలు మిగిలాయి. ఇనుము కంటే కాగితమే ఎక్కువకాలం బతికింది!

మిసిసిపీ మీద గాజు పలకలతో

ఇప్పుడు అట్లాంటిక్ దాటి అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి వెళదాం. అక్కడ మిసిసిపీ నదిపై 1867 నుంచి 1874 వరకు ఒక వంతెన కట్టారు. దాని రూపకర్త జేమ్స్ ఈడ్స్. అంతకు ముందు ఆయన ఒక్క వంతెన కూడా కట్టలేదు. మునిగిన పడవల్లోని సరుకును పైకి తీయడం ఆయన వృత్తి. గాలి గంటలో కూర్చుని నది అడుగున నడిచినవాడు కనుక మిసిసిపీ ఇసుక ఎలా కదులుతుందో ఆయనకు బాగా తెలుసు. స్తంభాలు ఇసుక మీద కాదు, దాని కింది బండరాతి మీదే నిలవాలని పట్టుబట్టాడు. ఉక్కును అంత పెద్ద ఎత్తున వాడిన తొలి వంతెనల్లో ఇదొకటి. మధ్య కమాను పొడవు 158 మీటర్లు.

ఈ పనిని ఫోటోలు తీసినవాడు ఆ ఊళ్లోనే స్థిరపడిన జర్మన్ ఫోటోగ్రాఫరు రాబర్ట్ బెనెకె. ఆ రోజుల్లో ఫోటో తీయడం ఎంత శ్రమో చూడండి. 1851లో కనిపెట్టిన తడి కొలోడియన్ పద్ధతి అప్పటికి వాడుకలో ఉంది. శుభ్రమైన గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి పలచగా పరచాలి. దాన్ని వెండి లవణపు ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి కాంతి సోకించాలి. ఆ తర్వాత వెంటనే చీకటిలో రసాయనాలతో కడగాలి. ఇదంతా కొద్ది నిమిషాల్లో జరగాలి. కాబట్టి ఫోటోగ్రాఫరు తన చీకటి గదిని కూడా, అంటే ఒక గుడారాన్నో బండినో, పని జరిగే చోటికే తీసుకువెళ్లాలి.

బెనెకె తీసిన ఫోటోల్లో ఒక దృశ్యం ఇంజనీరింగ్ చరిత్రలో ప్రసిద్ధమైనది. కమాను ఇంకా పూర్తి కాలేదు. రెండు పక్కల స్తంభాల నుంచి రెండు అర్ధభాగాలు గాలిలోకి చేతులు చాచినట్టు ముందుకు వచ్చాయి. కింద ఆధారంగా కర్రల పరంజా లేదు. ఎందుకంటే పడవలు తిరిగే దారి మూయకూడదు. స్తంభాల మీద తాత్కాలిక బురుజులు నిలిపి, వాటి నుంచి తాళ్లతో కమాను ముక్కలను వెనక్కి లాగి పట్టారు. ఈ ఉపాయం ఈడ్స్ సహాయకుడు హెన్రీ ఫ్లాడ్‌ది. నేడు ఆ వంతెన చూసేవారికి ఆ బురుజులూ కనిపించవు, తాళ్లూ కనిపించవు. ఫోటో లేకపోతే అంత పెద్ద కమాను గాలిలో ఎలా నిలిచిందో అర్థం చేసుకోవడం కష్టం.

1873 సెప్టెంబరులో రెండు అర్ధభాగాలను కలపాల్సిన రోజు వచ్చింది. ఎండ తీవ్రంగా ఉంది. మీరు పాఠంలో చదివిన వ్యాకోచం ఇక్కడ పరీక్షకు నిలిచింది. ఉక్కు ప్రతి మీటరుకు, ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 158 మీటర్లకు, 20 డిగ్రీల పెరుగుదలకు లెక్క వేయండి. దాదాపు 38 మిల్లీమీటర్లు వస్తుంది. చివరి ముక్క పట్టాల్సిన సందు ఆ మేరకు చిన్నదైపోయింది! ఉక్కు గొట్టాలకు మంచు కట్టి చల్లార్చి చూశారు. ఫలించలేదు. చివరకు ఈడ్స్ ముందుచూపుతో సిద్ధం చేయించి ఉంచిన మరలున్న ముక్కలు పనికి వచ్చాయి. వాటిని కురచ చేసి సందులో అమర్చి, తర్వాత మర తిప్పి పొడవు సరిచేశారు.

కెమెరా చూడనిది

బెనెకె వంటివారి గాజు పలకలకు కాంతి సోకడానికి కొన్ని క్షణాలు పట్టేది. నిలకడగా ఉన్న స్తంభం స్పష్టంగా వచ్చేది. ప్రవహించే నీరు తెల్లని పొగమంచులా అలుక్కుపోయేది. మరి మనుషులు? కదలకుండా నిలబడినవాళ్లు ఫోటోలో పడ్డారు. సుత్తి ఎత్తినవాడు, బరువు మోస్తూ నడిచినవాడు మసకబారిపోయాడు, లేదా పూర్తిగా మాయమైపోయాడు. పని ఆపి నిలుచున్నవాడు మిగిలాడు, పని చేస్తున్నవాడు చెరిగిపోయాడు. పాత ఫోటోల్లో నిర్మాణ స్థలాలు నిర్మానుష్యంగా కనిపించడానికి ఇదొక కారణం.

అంతకంటే పెద్ద లోపం ఒకటుంది. ఒక బకెట్టు నీళ్లలో గ్లాసును బోర్లించి నిటారుగా కిందకు నొక్కండి. లోపల గాలి నిలిచి నీటిని రానివ్వదు. కైసన్ అనే పెద్ద పెట్టె పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే. అడుగు లేని ఆ పెట్టెలోకి పై నుంచి గాలిని గట్టిగా పంపితే నీరు బయటే ఉంటుంది. లోపల కూలీలు ఇసుక తవ్వుతుంటే పెట్టె కిందకు దిగుతూ పోతుంది. ఈడ్స్ వంతెన తూర్పు స్తంభం దగ్గర కైసన్ నీటి మట్టానికి 28 మీటర్లకు పైగా కిందకు దిగింది. లోపలి గాలి పీడనం బయటి కంటే నాలుగు రెట్లకు చేరింది.

అక్కడ పనిచేసి పైకి వచ్చిన కూలీలకు కీళ్లు మెలితిప్పే నొప్పులు, పక్షవాతం వచ్చాయి. పది మందికి పైగా చనిపోయారు. వారికి వైద్యం చేస్తున్న డాక్టర్ జామినె కూడా ఒకసారి కైసన్‌లోకి వెళ్లివచ్చి, కాళ్లూ చేతులూ పడిపోయి కొంతకాలం మంచం పట్టాడు. అధిక పీడనంలో రక్తంలో కరిగిన నైట్రోజన్, త్వరగా పైకి వస్తే బుడగలుగా విడిపోతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లో వివరించాడు. సోడా సీసా మూత తీయగానే పొంగినట్టన్నమాట. అయితే సెయింట్ లూయిస్ వంతెన అప్పటికే పూర్తయి నాలుగేళ్లయింది.

ఆ చీకటి పెట్టెలోకి ఆనాటి కెమెరాకు ప్రవేశం లేదు. వంతెన కోసం ప్రాణాలు పోయిన చోటును ఫోటోలు చూపలేదు. అది మనకు తెలిసింది వైద్యుల రాతల వల్ల, లెక్కల పుస్తకాల వల్ల. ఫోటో సాక్షి అన్నమాట నిజమే గానీ, వెలుతురున్న చోట మాత్రమే సాక్షి.

తర్వాత ఎండు పలకలు వచ్చాయి. ముందే తయారు చేసి పెట్టుకోవచ్చు, కాంతి సోకించే సమయమూ తగ్గింది. స్కాట్లండులో ఎడిన్‌బరో నగరం దగ్గర 1890లో పూర్తయిన ఫోర్త్ రైలు వంతెన పనిని ఈవ్లిన్ కేరీ అనే ఇంజనీరే స్వయంగా ఏళ్ల తరబడి ఫోటోలు తీశాడు. ఈసారి మనుషులు కూడా చిత్రాల్లోకి వచ్చారు. అయినా వారి పేర్లు రాలేదు. అక్కడ పనిలో చనిపోయినవారు 57 మంది అని చాలాకాలం చెప్పుకున్నారు. ఇటీవలి దశాబ్దాల్లో స్థానిక చరిత్రాభిమానులు పాత పత్రాలు వెతికి, ఆ సంఖ్య 73 అని తేల్చారు. వంతెన ఫోటోలు అందరికీ తెలిసినవే. చనిపోయినవారి పేర్లు చేరడానికి మాత్రం నూరేళ్లకు పైగా పట్టింది.

హుగ్లీ ఒడ్డున మరో సాక్షి

మన దేశానికి వద్దాం. కలకత్తాలో హుగ్లీ నదిపై హౌరా వంతెన పని 1936లో మొదలైంది. ప్రధాన స్పాన్ 457 మీటర్లు. వాడిన ఉక్కు 26,500 టన్నులు, అందులో 23,000 టన్నులు మన టాటా కర్మాగారం నుంచి వచ్చింది. ఇక్కడి పునాది కైసన్‌ను మట్టిలోకి దించుతుండగా ఒక రాత్రి అది ఉన్నట్టుండి సుమారు 60 సెంటీమీటర్లు కుంగింది. ఆ అదురుకు ఖిదిర్‌పూర్‌లోని సిస్మోగ్రాఫ్ భూకంపం వచ్చినట్టు గీత గీసింది. రాత్రివేళ, క్షణంలో ముగిసిన ఆ ఘటనను ఏ కెమెరా పట్టగలదు? అక్కడ సాక్షి భూకంప మాపని.

వంతెనను 1943 ఫిబ్రవరి 3న వాడుకలోకి తెచ్చారు. అప్పటికి జపాను విమానాలు కలకత్తాపై బాంబులు వేసి ఉన్నాయి. ఆ భయంతో ఏ సంబరమూ లేకుండా తెరిచారు. 1965లో దానికి రవీంద్ర సేతు అని పేరు పెట్టారు.

మీ వంతు

రాజమండ్రి దగ్గర తొలి రైలు వంతెన 1897లో మొదలై 1900లో పూర్తయింది. దానికి 56 స్పాన్‌లు. 1997లో దాన్ని విశ్రాంతికి పంపి, కాంక్రీటు కమానుల కొత్త వంతెనను వాడుకలోకి తెచ్చారు. ఆ కమానులు ఒక్కొక్కటే లేస్తుంటే గట్టున నిలబడి చూసినవారు నేటికీ ఉన్నారు. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటివారు ఉంటే అడగండి. పాత ఆల్బంలో ఎవరి వెనకో సగం కట్టిన స్తంభం ఉండవచ్చు.

మీ ఊరి దగ్గర ఇప్పుడు వంతెన కడుతుంటే మీరే చరిత్రకారులు కావచ్చు. ముందుగా అధికారుల అనుమతి అడగండి. కొన్ని వంతెనల వద్ద ఫోటోలపై నిషేధం ఉంటుంది. పని జరిగే చోటికి వెళ్లకుండా, గట్టున క్షేమమైన ఒక చోటు ఎంచుకుని గుర్తు పెట్టుకోండి. ప్రతి నెలా అక్కడే నిలబడి, అదే దిక్కుకు, వీలైతే అదే వేళకు ఒక ఫోటో తీయండి. కదలని చెట్టో, గుడి గోపురమో, మేడో ఎప్పుడూ చిత్రంలో ఉండేలా చూడండి. దానితో పోలిస్తే పని ఎంత పెరిగిందో కొలవవచ్చు. తేదీ, నీటి మట్టం, ఆ నెల జరిగిన పని ఒక నోటుపుస్తకంలో రాయండి. ఏడాది తర్వాత ఆ చిత్రాలను వరుసగా పేర్చి చూస్తే ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని పాఠం మీ ముందు ఉంటుంది.

మరొక్క పని కూడా చేయండి. టీ కొట్టు దగ్గర విశ్రాంతిగా కూర్చున్న కార్మికులు కనిపిస్తే పలకరించండి. ఒప్పుకుంటే వారి ఫోటో తీసి, పేరు, ఊరు, చేసే పని పక్కన రాయండి. ఒక ప్రతి వారికీ ఇవ్వండి. బెనెకె గాజు పలకకు ఆ పని చేతకాలేదు. మీ చేతిలోని కెమెరాకు చేతనవుతుంది.