తేనెకు రంగు ఎచ్చటిది?

హైదరాబాదు పాతబస్తీలోని దారుల్‌షిఫాను 1595 ప్రాంతమున ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించెను. అచ్చట రోగులకు చికిత్సయు, విద్యార్థులకు యునానీ వైద్యబోధయు జరుగుచుండెను. ఆ వైద్యము చార్మినారు చెంతనున్న నిజామియా వైద్యశాలలో నేటికిని సాగుచున్నది. యునానీ మందులలో తేనె ముఖ్యమైనది. మూలికల చూర్ణములను తేనెపాకములో కలిపి మాజూన్ అను లేహ్యము చేయుదురు. సికంజబీన్ అను పానకము పేరులోనే పారసీకమున సిర్కా, తేనె రెండును ఉన్నవి.

మంచి తేనెను గుర్తించుట యెట్లు? పూర్వులు రంగును గమనించిరి. చరకసంహిత నాలుగు విధముల తేనెను ఈగలను బట్టి విభజించి, వాటికి నూనె, నేయి, కపిలము, తెలుపు రంగులను చెప్పినది.

కాని ఒకే జాతి ఈగ వేర్వేరు పూలనుండి వేర్వేరు రంగుల తేనెను కూర్చును. ఆవపూల తేనె లేతరంగుగా ఉండి త్వరగా పేరుకొనును. ఐరోపాలోని హాథార్న్ అను ముళ్లచెట్టు పూవులు తెల్లనివైనను, తేనె ముదురురంగుది. అనగా రేకుల రంగు తేనెకు రాదు. మకరందముతో వచ్చు ఖనిజ లవణములు, ఫినాల్ జాతి పదార్థములు రంగునకు ముఖ్య కారణములు. వేడి తగిలినను, చాలకాలము నిలువయున్నను రంగు ముదురును. పట్టును పిండినచో పుప్పొడి చేరి తేనె మసకబారును.

నేడు ఫండ్ మాపకముతో తేనె రంగును మిల్లీమీటర్లలో కొలుచుదురు. 8 లోపైనచో నీటివలె తెల్లనిది. 114 దాటినచో మిక్కిలి ముదురు. అయితే ఈ కొలత స్వచ్ఛతను తెలుపదు. చెరకు పాకము కలిసినదో లేదో కార్బన్ ఐసోటోపుల నిష్పత్తి తెలుపగలదు. నల్లగా ఉన్నదని మంచి తేనెను పారవేయుట, బంగారు వన్నెను చూచి పాకమును కొనుట, రెండును పొరపాట్లే.