తాళపుచెవి పట్టిన చేయి

మన చెన్నపురిలోని సీ-డాక్ సంస్థ 2007లో ‘బాస్’ అను కంప్యూటరు వ్యవస్థను వెలువరించెను. అందు తెలుగునకును చోటు కలదు. దానికి ఆధారము 1993లో పుట్టిన ‘డెబియన్’. దాని మూలరచనను ఎవరైనను చదువవచ్చును, సవరణ పంపవచ్చును. చేర్చు అధికారము మాత్రము పరీక్షించి అంగీకరింపబడిన కొందరిదే.

ఈ కట్టుబాటు ఏల? దస్త్రములను కుదించు ‘ఎక్స్‌జెడ్’ అను ఉపకరణమును చిరకాలము ఒక్కరే జీతము లేక పోషించిరి. 2021లో జియా టాన్ అను పేరుతో వచ్చిన వ్యక్తి మంచి సవరణలతో నమ్మిక గడించి, క్రమముగా అధికారము పొంది, 2024లో రహస్యముగా దొంగదారి నమర్చెను. పరీక్షలోనున్న డెబియన్ ప్రతులకును అది ప్రాకెను. అరసెకను ఆలస్యమును గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు బయటపెట్టెను.

రికార్డుగది తాళములు మోసిన గుమాస్తాను నేను. తాళపుచెవి పట్టిన చేతికి గౌరవముకన్న జాగ్రత్త ముఖ్యము. మన సంఘపు పనులలోను ఆ భారమును ఒక్కరిపై విడువక పంచుకొందము.