పోర్టికోలో అంబాసిడర్, దాని కింద మీరు

కాకినాడలో ఆదివారం పొద్దున్న. ఎండ ఇంకా ముదరలేదు గానీ ఉక్కపోత అప్పుడే మొదలైంది. పోర్టికోలో మార్క్ టూ అంబాసిడర్ నిలబడి ఉంది, ముక్కు ఇంటి వైపు, డిక్కీ గేటు వైపు. ఈవేళ పని చిన్నదే. బాడీ దగ్గర్నుంచి వెనక యాక్సిల్‌కి బ్రేకు ఆయిలు తీసుకెళ్ళే రబ్బరు హోసు పగుళ్ళిచ్చింది, మార్చాలి. కొత్త హోసు, డాట్ 3 ఆయిలు డబ్బా, పానాలు, కాటన్ వేస్టు గోనెపట్టా మీద సర్ది ఉన్నాయి. తుప్పెక్కిన నట్లకి రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచారు. ఆ నూనె ఎంత మేలు చేస్తుందో బండి కిందికి దూరాక తెలుస్తుంది.

ముందు నేల చూడాలి. మన ఇళ్ళలో పోర్టికో సమంగా ఉండదు. వాననీళ్ళు గేటు వైపు పోవాలని మేస్త్రి కావాలనే వాలు పెడతాడు. అది కంటికి ఆనదు. మీ అబ్బాయి గోళీకాయ తెచ్చి ముందు చక్రం పక్కన వదిలాడు. ఒక్క క్షణం ఆగి, గేటు వైపు దొర్లుకుంటూ పోయింది. బండిని ఇంటి గోడకి దగ్గరగా, మెట్ల పక్కకి జరిపారు. అక్కడ వదిలిన గోళీ వదిలినచోటే ఉంది. కింద గట్టి సిమెంటు గచ్చు. అదే నాపరాళ్ళు పరిచిన నేలైతే, రాయి కింద బోలుగా ఉందేమో తట్టి చూడకుండా దాని మీద బరువు నిలపకూడదు. చీపురు తీసుకుని ఇసుక, గులకరాళ్ళు లేకుండా ఊడ్చేశారు.

హ్యాండ్ బ్రేకు లాగి ఉంది కదా అన్న ధీమా వద్దు. అంబాసిడర్ హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. ఇంజను తిప్పేదీ ఆ చక్రాలనే. మీరు ఎత్తబోయేదీ వాటినే. అవి రెండూ నేల వదిలాయంటే హ్యాండ్ బ్రేకు, గేరు రెండూ ఉండీ లేనట్టే. టన్నుకు పైబడిన బండి కదలకుండా చూసేది ఇక ముందు చక్రాల దగ్గరి అడ్డాలే. ఏటవాలుగా కోసిన తుమ్మచెక్క ముక్కల్ని రెండు ముందు చక్రాలకీ, ముందూ వెనకా, సుత్తితో తట్టి బిగించారు. వెనక చక్రాల నట్లు బండి నేల మీద ఉండగానే ఓ చుట్టు వదులు చేశారు. గాల్లో ఉన్న బండి మీద పొడుగు పానాతో బలం చూపించడం అంటే దాన్ని చేజేతులా తోసినట్టే.

“నాన్నా, పంపు నేను కొట్టనా?”

“కొట్టు. నెమ్మదిగా. చూపు మాత్రం జాకీ చక్రాల మీద ఉంచు.”

ట్రాలీ జాకీ డిఫరెన్షియల్ కింద ఆనింది. పంపు కొడుతుంటే బండి వెనక భాగం మూలుగుతూ లేస్తోంది. దగ్గరగా వంగి చూడండి. జాకీ చెయ్యి తిన్నగా పైకి లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. అందుకని బండి లేచేకొద్దీ జాకీ కూడా కొంచెం కొంచెంగా దొర్లుతూ ఉండాలి. దాని చిన్న ఇనపచక్రం కింద ఒక్క గులకరాయి అడ్డుపడితే దొర్లడం ఆగిపోతుంది, పైనున్న గిన్నె పక్కకి జారుతుంది. ఇందాక ఊడ్చింది ఇందుకే.

బండి లేచింది. చేతికి అందేంత దూరంలో పాత హోసు కనిపిస్తోంది. రెండు నిమిషాల పనే అనిపిస్తుంది. ప్రాణాలు పోయేది ఈ రెండు నిమిషాల్లోనే. జాకీ లోపల అంత బరువునీ మోస్తున్నది ఆయిలు. ఆ ఆయిల్ని నిలబెడుతున్నది వేలి ఉంగరమంత రబ్బరు సీలు, ఒక చిన్న వాల్వు. సీలు ఏ క్షణాన తప్పుకుంటుందో జాకీ ముందుగా చెప్పదు. జాకీ ఉన్నది ఎత్తడానికి. మోసే పని దానిది కాదు. రోడ్డు పక్క షెడ్లలో ఒక్క జాకీ మీద బండి నిలబెట్టి, కుర్రాడు నడుం దాకా కిందికి దూరి పని చేస్తుంటే చూసినప్పుడల్లా నా గుండె ఝల్లుమంటుంది. ఆ పిల్లాడికి రెండు స్టాండ్లు కొనిపెట్టడం షెడ్డు యజమానికి ఎంతలో పని?

మీ దగ్గర ఉక్కు స్టాండ్లు ఉన్నాయి. ఎంత బరువు మోస్తాయో వాటి మీదే రాసి ఉంటుంది. ఆ అంకె ఒక్కోదానికా, జతకా అన్నది కూడా చదివి కొనాలి. రెండిటినీ యాక్సిల్ గొట్టం కింద, కమాన్ కట్టలకి దగ్గరగా పెట్టారు. అక్కడ వేలితో తడమండి. గొట్టం వెంబడి సన్నటి బ్రేకు పైపు పోతోంది. స్టాండు తల దాన్ని నొక్కిందంటే ఒక హోసు మార్చబోయి ఇంకో పైపు చితక్కొట్టుకున్నట్టే. స్టాండు కొంచెం జరిపి, పైపు తప్పించి, పిన్ను పూర్తిగా దూరిందో లేదో చూసి, జాకీని మెల్లగా దించారు. బరువు స్టాండ్ల మీద కూర్చున్న చప్పుడు వినిపించింది.

స్టాండ్లు బాడీ కింద ఎందుకు పెట్టలేదంటే, ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాగా ఉత్తరపాడాలో పుట్టి, 2014 దాకా తయారైన అంబాసిడర్‌కి బాడీయే ఎముకల గూడు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఆ రేకు లోపల్నుంచి తినేస్తుంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. బాడీ కింద స్టాండు పెట్టక తప్పని పని వస్తే, ముందు ఆ చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. కసుక్కుమని దిగిందంటే అది బరువు ఆపే చోటు కాదు.

స్టాండ్లు లేవని ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. గోడలో నలువైపులా సమంగా బరువు పడితే మోసే ఇటుక, ఒక్క చోట ఇనుము ఒత్తిడికి ఏ సూచనా లేకుండా పగులుతుంది. దుంగలైనా నయం, నలుగుతాయి గానీ ఫెళ్ళున పగిలిపోవు.

విప్పిన వెనక చక్రాలు రెండూ పడుకోబెట్టి బండి అంచుల కిందికి తోశారు. జాకీని కూడా డిఫరెన్షియల్‌కి తాకీ తాకనట్టు ఉంచారు. స్టాండు తప్పినా ఏదో ఒకటి మిగలాలి.

ఇప్పుడు ఊపండి. మొహమాటం లేకుండా, బంపరు రెండు చేతులా పట్టుకుని పక్కలకి, ముందుకూ వెనక్కూ. బండి కమాన్ల మీద ఊగుతుంది, ఊగనివ్వండి. మీరు చూడాల్సింది స్టాండ్ల కాళ్ళు. నాలుగు కాళ్ళలో ఒక్కటి గచ్చు మీంచి లేచినా, కిర్రుమన్నా, అంతా దించి మళ్ళీ మొదటికి రావాలి. పడేదేదో మీరు బయట ఉండగానే పడాలి.

ఇంట్లోకి తొంగి చూసి చెప్పారు. “బండి కిందికి వెళ్తున్నాను, అప్పుడప్పుడూ ఓ కేక వెయ్యి.” పని చేసేవాడు ఒంటరిగా ఉండటమే ఇంటి షెడ్డులో అసలు ప్రమాదం. ఛాతీ మీద బండి దిగితే అరవడానికి ఊపిరి ఉండదు, చేతిలో ఉండేవి నిమిషాలే. ఇంట్లోవాళ్ళకి ఆ జాకీ పంపు కొట్టడం వచ్చి ఉండాలి. ముందు బరువు ఎత్తాలి, పక్కన ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఈ రెండూ ఈవేళే నేర్పండి, పావుగంట పట్టదు.

ఉంగరం, మెళ్ళో గొలుసు తీసేశారు. లుంగీ వద్దు, ప్యాంటే. కళ్ళద్దాలు పెట్టుకుని గోనెపట్టా మీద వెల్లకిలా జరిగారు. మొహానికి జానెడు పైన ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టి, గ్రీజు. పానా తగలగానే తుప్పు పొట్టు రాలి అద్దాల మీద పడింది. అద్దాలు లేకపోతే అది నేరుగా కంట్లోకే. ఎల్ఈడీ దీపం యాక్సిల్ పక్కన వెలుగుతోంది. పాతకాలపు గాజు బల్బు అయితే, పెట్రోలు చుక్క పడి బల్బు పగిలిందంటే అంటుకోవడానికి ఇంకేమీ అక్కర్లేదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, మీరు పడుకున్న ఈ నేల మీదే పేరుకుంటుంది.

నట్టు పట్టింది. కుదుపుతో లాగకండి. ఒక చేత్తో హోసు తలని పానాతో కదలకుండా ఆపి, రెండో చేత్తో ఒకే బలంతో నొక్కుతూ పోవాలి. చిన్న టిక్ శబ్దంతో వదిలింది. రాత్రి కొట్టిన నూనె చేసిన పని ఇది. అదే లేకపోతే మీరు పళ్ళు బిగించి గుంజేవారు, ఆ గుంజుడు నేరుగా స్టాండ్లకి పోయేది. బ్రేకు ఆయిలు ట్రేలోకి కారుతోంది. కంట్లో పడితే మండిపోతుంది, బాడీ మీద పడితే రంగు లేచిపోతుంది. తడిగుడ్డతో అప్పటికప్పుడే తుడిచేశారు.

పక్కనే చక్రం విప్పిన చోట డ్రమ్ము కనిపిస్తోంది. దాని మీది దుమ్ముని గాలి కొట్టి ఎగరగొట్టొద్దు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ బయటికి రాదు. ఇక్కడా తడిగుడ్డే.

కొత్త హోసు బిగిసింది. ఇక గాలి తీయాలి, పెడల్ తొక్కేవాడు కావాలి. అబ్బాయి తలుపు తీసి ఎక్కబోతున్నాడు. “ఆగు, నన్ను రానీ.” మనిషి ఎక్కినా దిగినా బండి ఊగుతుంది, ఆ సమయంలో కింద ఎవరూ ఉండకూడదు. బ్లీడర్ నట్టు డ్రమ్ము వెనక నుంచి, బయట కూర్చునే అందుతుంది.

“నొక్కు.”

“నొక్కాను.”

“అలాగే ఉంచు... వదులు.”

బుడగలు ఆగి, పైపులో ఆయిలు తేటగా పారింది. ఇంజను స్టార్టు చేసే పని ఈవేళ లేదు. చెయ్యాల్సి వస్తే, షట్టరు మూసిన గదిలో ఎప్పుడూ వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, రక్తాన్ని ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది.

చక్రాలు ఎక్కించి, నట్లు చేత్తో బిగించారు. జాకీతో మళ్ళీ కాస్త ఎత్తి, స్టాండ్లు లాగి, కింద పానాగానీ పిల్లిగానీ లేదని వంగి చూసి, మెల్లగా దించారు. నేల మీద నిలిచాక నట్లు ఎదురెదురుగా పూర్తి బిగువుకి బిగించారు. పెడల్ గట్టిగా ఆగుతోందా అని నాలుగైదు సార్లు తొక్కి చూశాకే అడ్డాలు తీశారు. గేటు లోపలే నడక వేగంతో నడిపి, బ్రేకు పట్టాక వీధిలోకి తీసుకెళ్ళండి. ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లకి మరోసారి పానా వేసి చూడండి, హోసు చివర చెమ్మ ఉందేమో వేలితో తడమండి.