రైలు గేటు ఖర్చు ఎవరిది?

విద్యార్థులారా! రైలు గేటు పడినప్పుడు మీరెన్నోసార్లు ఆగి ఉంటారు. ఎప్పుడు లేస్తుందా అని విసుక్కుని కూడా ఉంటారు. ఆ గేటుకు, ఎర్రదీపానికి, గేట్‌మన్ జీతానికి డబ్బు ఎవరివ్వాలో ఎప్పుడైనా ఆలోచించారా? రైల్వేనా? రోడ్డు వేసిన ప్రభుత్వమా? రోడ్డు దాటే మనమా?

ముందు కొంచెం భౌతికశాస్త్రం గుర్తు చేసుకుందాం. ఉక్కు పట్టాకూ ఉక్కు చక్రానికీ మధ్య ఘర్షణ చాలా తక్కువ. అందుకే బ్రేకు వేసినా రైలు వెంటనే ఆగదు. వేగంగా వచ్చే రైలు ఆగేసరికి కిలోమీటరు దూరం కూడా పోవచ్చు. కాబట్టి ఆగవలసింది రోడ్డు మీది వాహనమే. మరి ఆగేవాడే ఖర్చు భరించాలా, లేక ప్రమాదాన్ని తెచ్చినవాడా?

ఇంగ్లండులో 1845 నాటి చట్టం గేట్ల బాధ్యతను రైల్వే కంపెనీలకే అప్పగించింది. అక్కడ రోడ్లు ముందునుంచీ ఉన్నవి, రైలు తర్వాత వచ్చింది. మన దేశంలో 1890 నాటి రైల్వే చట్టం ఒక గడువు పెట్టింది. పట్టాల పక్క భూములవారికి దాటే వసతులు రైల్వేయే కల్పించాలి. లైను ప్రారంభమైన పదేళ్ల తర్వాత అదనంగా కావాలంటే అడిగినవారే ఖర్చు పెట్టుకోవాలి. 1989 చట్టం కూడా ఈ పద్ధతినే కొనసాగించింది.

ఈ లెక్కలో ఒక చిక్కుంది. ఒకనాటి బండ్లబాట మీద నేడు స్కూలు బస్సు నడుస్తోంది. ఇక్కడ కొత్తగా వచ్చినవారెవరు? అమెరికా సుప్రీంకోర్టుకూ ఇదే ప్రశ్న ఎదురైంది. మోటారు వాహనాల కోసం వేసిన రోడ్డుకు రైల్వే చేత సగం ఖర్చు పెట్టించడం అన్యాయం కావచ్చునని 1935లో అన్నది. రైల్వేకు లాభం లేకపోయినా వాటా మోయించవచ్చునని 1953లో తేల్చింది.

మన దేశంలో 24 గంటల్లో వెళ్లే రైళ్ల సంఖ్యను, దాటే వాహనాల యూనిట్లతో గుణిస్తారు. లబ్ధం లక్ష దాటిన చోట వంతెన ఖర్చును రైల్వే, రాష్ట్రం చెరిసగం భరించే పద్ధతి వచ్చింది. 2000లో వచ్చిన కేంద్ర రోడ్డు నిధి చట్టం పెట్రోలు, డీజిలు సెస్సులో కొంత భాగాన్ని వంతెనలకు, కాపలా లేని గేట్ల భద్రతకు కేటాయించింది. అంటే దాటేవారూ చెల్లిస్తున్నట్లే.

కానీ లబ్ధం తక్కువున్న చోట ప్రాణం విలువ తగ్గుతుందా? 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొని పలువురు చిన్నారులు చనిపోయారు. అలాంటి చోట వాహనం ఆపి, పట్టాలు చూసుకుని దాటాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం డ్రైవరుకు చెబుతుంది. బస్సులోని పిల్లల చేతిలో ఏముంది? లెవెల్ క్రాసింగులన్నీ తొలగించాలని 2012లోనే కాకోద్కర్ కమిటీ సూచించింది. బ్రాడ్‌గేజి మార్గాల్లో కాపలా లేని గేట్ల తొలగింపు 2019 జనవరికి గాని పూర్తికాలేదు.

కాపలా ఒక్కటే చాలదు. 2025 జులై 8న తమిళనాడులోని కడలూరు దగ్గర స్కూలు వ్యానును రైలు ఢీకొన్న చోట గేట్‌మన్ ఉన్నాడు. గేటు మూస్తేనే రైలుకు సిగ్నల్ ఇచ్చే ఇంటర్‌లాకింగ్ మాత్రం లేదు.

పట్టాలు వేసినవారు, రోడ్డు వేసినవారు, ఇంధనం కొనేవారు ముగ్గురూ వాటాదారులే. వాటాలు తేలేదాకా పని ఆగితే, ఆ ఖర్చును ఎవరినీ ఏమీ అడగని పిల్లలు చెల్లిస్తారు. ముందు గేటు, ఆ తర్వాతే లెక్క. మీ ఊరి గేటు దగ్గర సురక్షితమైన దూరంలో నిలబడి, ఒక రోజు రైళ్లనూ వాహనాలనూ లెక్కపెట్టి గుణించండి. ఆ లబ్ధంలో కనిపించనివారెవరో కూడా రాసుకోండి.